పెళ్లిచూపుల్లో రంగుచుక్కల పరీక్ష

పెళ్లిచూపులకు వెళ్లి, ఆడపిల్లవాళ్ల వంశానికి కంటిదోషం అంటగట్టి, తన పరువు తానే తీసుకున్న ఘనుణ్ణి చూడాలని ఉందా? ఇదిగో, మీ ఎదుటే ఉన్నాను.

అరవైల మాట. నాంపల్లిలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేరి మూడు నెలలైంది. వంశపారంపర్యం గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద రంగుచుక్కల పుస్తకం దొరికింది. చుక్కల మధ్య అంకె ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకు వేరే అంకె కనిపిస్తుంది. జవాబుల పేజీ చిరిగిపోయింది. పోతేనేం, నా కళ్లు లేవూ!

మా నాయన, మేనమామ వెంట ఆ పుస్తకంతోనే పెళ్లిచూపులకు వెళ్లాను. పిల్ల పేరు సుశీల. ఫోటో చూసిన రోజు నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

"గీ అంకె ఎంత?" అన్నాను, పుస్తకం తెరిచి.

"డెబ్బై నాలుగు" అంది.

నాకేమో ఇరవై ఒకటి! అంటే దోషం పిల్లదే! ఆడపిల్లకు ఈ దోషం రావాలంటే తండ్రికీ ఉండాలి. పుస్తకం ఆయనకిచ్చాను.

"డెబ్బై నాలుగే గదా!" అన్నాడాయన.

ఇంకేం, శాస్త్రం రుజువైంది. "ఏమనుకోకున్రి, మీకిద్దరికీ రంగులు తెల్వవు. రేపు మీ బిడ్డకు పుట్టే కొడుకులందరికీ గిదే వస్తది" అని కన్నీళ్లు ఆపుకుంటూ ప్రకటించాను.

"జర నోరు మూస్తవా!" అని మా నాయన నా తొడ గిల్లాడు.

సుశీల నా పాదాల వంక చూసింది. "మీ సాక్సులు ఏం రంగు?"

"రెండూ గోధుమరంగే."

"ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది."

ఇల్లంతా నవ్వు. నన్ను ఆదుకోవడానికి మా మేనమామ పుస్తకం లాక్కున్నాడు. "ఇరవై ఒకటి సాఫ్ కనిపిస్తుంటే, పిలగాడు తప్పేమన్నడు?"

అయిపోయింది. దోషం మాదే. అమ్మమ్మ నుంచి మామకూ, మా అమ్మ మీదుగా నాకూ! ఆ వారమే క్లాసులో బోర్డు మీద గీసి చెప్పిన వంశవృక్షం బొమ్మ, మనుషుల రూపంలో సోఫా మీద కూర్చుంది. పిల్ల చేజారిందని దిగులుతో పుస్తకం మూశాను.

సుశీల మెల్లగా అడిగింది. "మరి తండ్రికుంటే కొడుకులకు వస్తదా?"

"రాదు" అన్నాను నీరసంగా. "ఆడబిడ్డల నుంచి మనవలకు రావచ్చు."

"మనవల సంగతి గప్పుడు చూద్దాం. బట్టలు మాత్రం నేనే కొంట."

పెళ్లయింది. మొదట నన్ను నేను పరీక్షించుకోకుండా ఇంకెవరినీ పరీక్షించనని ఆ రోజే శపథం చేశాను. నా కళ్ల మీద ఒట్టు వేయబోతే సుశీల చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ కళ్ల మీద వద్దు. ఇంక దేని మీదనన్న వెయ్యున్రి."