అక్క పన్ను నొప్పి

కట్టుడు పళ్ళకు కొలతలు ఇవ్వడానికి పోయిన వారం అమలాపురంలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మన వయసువాళ్ళకు ఇప్పుడు ఇలాంటి ప్రయాణాలే కదా మిగిలినవి. నాకంటే ముందు ఒక తల్లి, ఎదిగిన కూతురిని వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆ పిల్లకు మాటలు లేవు. చేతులు ఆడిస్తూ, గొంతులో సన్నగా ఒకటే రాగం తీస్తోంది. తలుపు వేయలేదు కాబట్టి నాకు అంతా కనిపిస్తూనే ఉంది. డాక్టరమ్మ చిన్నది, నా మనవరాలి ఈడు ఉంటుందేమో. ఆమె ఆ పిల్లను కుర్చీ ఎక్కమనలేదు, నోరు తెరవమనలేదు. నోట్లో పెట్టి చూసే చిన్న అద్దాన్ని ఆ పిల్ల చేతికే ఇచ్చి, తను పక్కన స్టూలు మీద ఊరికే కూర్చుంది. చాలాసేపటికి పిల్ల తనంతట తానే ఆ అద్దాన్ని నోటి దగ్గర పెట్టుకుంది. డాక్టరమ్మ వంగి ఒక్కసారి చూసి, "ఇవాళ్టికి చాలండీ, వచ్చే వారం మళ్ళీ తీసుకురండి, మెల్లిగా అలవాటు చేద్దాం" అంది. తల్లి కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది. రాజోలు అవతల నుంచి వచ్చేరట. నా పేరు పిలిచారు గాని, వాళ్ళిద్దరూ వీధిలోకి దిగేదాకా నేను అటే చూస్తూ కూర్చున్నాను.

మాది ఆత్రేయపురం. నాన్న మస్కట్‌లో మేస్త్రీ పని చేసేవారు, అమ్మ ఇంట్లో పూతరేకులు తీసేది. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. పుట్టినప్పుడు ఏడవలేదట. తరవాత మాట రాలేదు, నడక ఆలస్యంగా వచ్చింది, ఫిట్సు మాత్రం తొందరగానే వచ్చాయి. వాటికి చిన్నప్పటి నుంచీ మాత్రలు మింగేది. అమ్మ బోర్లించిన కుండ మీద పిండి గుడ్డ పరిచి రేకు తీస్తుంటే అక్క పొయ్యికి కాస్త ఎడంగా కూర్చుని, కాళ్ళు చాపుకుని పొద్దస్తమానం చూసేది. మాట లేకపోయినా అక్కకు చెప్పడం వచ్చు. దాహమేస్తే అమ్మ గడ్డం పట్టుకునేది. సంతోషం వేస్తే మాత్రం మా భుజం మీద మెల్లిగా కొరికేది, నొప్పి పుట్టకుండా, రెండు వరసల పళ్ళ గుర్తు పడేలా. ఆ గుర్తు చూసుకుని మళ్ళీ నవ్వేది.

పళ్ళు తోమనిచ్చేది కాదు. అమ్మ వేలికి తడిగుడ్డ చుట్టుకుని ఎన్ని పాట్లు పడినా, చాలా పొద్దులు నోరు బిగించేసేది. పైగా ఆ ఫిట్సు మాత్రలకు చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి పెరుగుతాయని మాకు చెప్పినవాళ్ళు లేరు. మాత్రలు రాసిచ్చిన డాక్టరు గారు కూడా ఏనాడూ నోరు తెరిచి చూడలేదు.

అక్కకు ఇరవై దాటాక ఒక వానాకాలంలో అన్నం మానేసింది. ముద్ద పెడితే ఉమ్మేసేది. తరవాత కుడి చెంప మీద తనే కొట్టుకోవడం మొదలుపెట్టింది, మొదట అరచేత్తో, ఆ తరవాత పిడికిలితో. ఆఖరికి గోడకేసి కొట్టుకునే దాకా వచ్చింది. ఇరుగుపొరుగువాళ్ళు గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించాం. ఊళ్ళో డాక్టరు గారు నిద్రమాత్రలు ఇచ్చేరు. వాటితో అక్క నోటి చివర చొంగ కారుతూ, పడుకున్న చోటే పడుకుని, నిద్రలో కూడా మూలిగేది. అలా పడుకున్నప్పుడే ఒక మధ్యాహ్నం అమ్మకు ఏదో వాసన తగిలి, అక్క పెదవి మెల్లిగా ఎత్తి చూసింది. లోపల చిగురు నల్లబడి, చీము పట్టి ఉంది. "పన్నేనే, అమ్మడూ! ఇన్నాళ్ళూ దీనికి పన్ను నొప్పే!" అని నాతో అన్న అమ్మ గొంతు నేను మరచిపోలేదు.

అమలాపురం తీసుకెళ్ళాం. బస్సులో పక్క సీటువాళ్ళు లేచి వెళ్ళిపోయారు. అక్కడి పళ్ళ డాక్టరు గారు ఇద్దరు మనుషుల చేత అక్క చేతులు కుర్చీకి అదిమి పట్టించి నోట్లో వేలు పెట్టారు, అక్క కొరికేసింది. ఆయన వేలి నుంచి రక్తం కారింది. కొరకడమంటే మాకు తెలిసింది ఒకటి, ఆ రోజు అక్క కొరికింది వేరు.

"పిచ్చిదాన్ని నా దగ్గరికెందుకు తెచ్చేరు? తీసుకెళ్ళి పిచ్చాసుపత్రిలో చూపించండి" అని ఆయన అరిచారు.

అమ్మ చేతులు జోడించింది. "పిచ్చి కాదండీ బాబూ, పన్ను నొప్పండీ."

బయట కూర్చున్నవాళ్ళు మా వైపు చూడకుండా కాళ్ళు దగ్గరికి తీసుకుని దారిచ్చారు. మరో రెండు చోట్ల అయితే గుమ్మంలోనే వద్దన్నారు. మత్తు ఇచ్చి చేయాలి, ఫిట్సు ఉన్న మనిషికి మత్తు ఇవ్వలేం అన్నారు. ఇంతలో అక్క చెంప కంటి దాకా వాచి, కన్ను మూసుకుపోయింది.

కొత్తపేటలో ఉండే మా మేనమామ కారు మాట్లాడి, గోదావరి అవతల పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ మత్తు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అమ్మ లోపల అక్క తల నిమురుతూ ఉండగా, పెద్ద డాక్టరు గారు వరండాలోకి వచ్చి మామయ్యతో మాట్లాడారు. నేను సంచి పట్టుకుని పక్కనే ఉన్నాను.

"ఇలాంటివాళ్ళకు మాటిమాటికీ మత్తివ్వలేం. ఇవాళ ఒకటి తీస్తే రేపు ఇంకోటి పుచ్చుతుంది. ఒకేసారి అన్నీ తీసేస్తే మీకూ గొడవ వదిలిపోద్ది, మాకూ వదిలిపోద్ది."

మామయ్య కండువా భుజం మీద నుంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఆయ్. తమరెలా అంటే అలాగేనండి" అన్నాడు. పెద్దవాళ్ళు ఏమన్నా మా వైపు ముందు వచ్చే మాట అదే కదా. మర్యాద తప్ప ఆ మాటలో మరేమీ లేదు.

అక్కను బయటికి తెచ్చినప్పుడు నోటి నిండా ఎర్రబడిన దూది. అమ్మ ఏ పన్ను తీసేరని నర్సును అడిగింది. నర్సు అన్నీ తీసేశారమ్మా అంది. పుచ్చినవి కొన్నేనని, మిగతావి గట్టివేనని గొంతు తగ్గించి చెప్పింది. అమ్మ ఏడవలేదు. మామయ్య వైపు తిరిగి, "బాగున్నవి ఎందుకు తీయించేవురా?" అని మాత్రం అడిగింది. ఆ తరవాత చాలా కాలం మామయ్య మా గడప తొక్కలేదు.

నొప్పి తగ్గిన మాట నిజం. అక్క కొట్టుకోవడం మానేసింది, నిద్ర పట్టింది. చూడవచ్చినవాళ్ళంతా పోనీలే, పీడ విరగడైందన్నారు. కాని అక్క నోట్లో వేళ్ళు పెట్టుకుని గంటల తరబడి వెతుక్కునేది. బుగ్గలు లోపలికి పోయి, ఏడాది తిరక్కుండానే మా అమ్మమ్మ మొహంలా అయిపోయింది. మెత్తగా పిసికిన పెరుగన్నం, నాలిక మీద కరిగిపోయే రేకు ముక్కలు, అంతకు మించి ఏదీ దిగేది కాదు. నాన్న సెలవు మీద వచ్చిన రోజున సంతోషంతో ఆయన భుజం మీద నోరు ఆనించి గట్టిగా నొక్కింది. నోరు తీసి చూసుకుంది. అక్కడ తడి తప్ప ఏ గుర్తూ లేదు. మళ్ళీ నొక్కింది, మళ్ళీ చూసుకుంది. నాన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. ఆ తరవాత అక్క ఎవరి భుజం జోలికీ రాలేదు.

కొన్నేళ్ళకు మింగుతున్న జావ ఊపిరితిత్తుల్లోకి పోయి, జ్వరం వచ్చి అక్క చనిపోయింది. ముప్పై నిండలేదు. ఊరు ఊరంతా అమ్మకు విముక్తి అన్నారు. అమ్మ మాత్రం తను పోయేదాకా అక్క పేరెత్తితే "నొప్పని చెప్పుకోలేకపోయింది, తల్లి" అనేది, అంతే.

ఇప్పుడు అమలాపురంలో వీధికొక పళ్ళ ఆసుపత్రి. మా అక్కలాంటి వాళ్ళను పిచ్చివాళ్ళు అనడం లేదు, మర్యాదైన పేర్లు వచ్చాయి. మంచిదే. ఆ రోజుల్లో మందుల్లేవు, మిషన్లు లేవు, ఎవరు మాత్రం ఏం చేస్తారని ఇన్నేళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. పోయిన వారం నా కళ్ళముందు ఆ డాక్టరమ్మ ఏ మిషనూ వాడలేదు, ఏ మందూ వేయలేదు. కాసేపు ఆగింది, అంతే. మా కాలంలో దొరకనిది అదొక్కటే అయితే, ఇక దేనితో సర్దిచెప్పుకోను?