మాంజాకు చిక్కిన పిట్టల కోసం నిచ్చెనెక్కిన మా రాజేశం అన్న

నిన్న పొద్దున మా కెమెరా క్లబ్ గ్రూప్‌లో మెసేజ్ చూసి, ఎవరో పొరపాటున పెట్టారనుకున్నాను.

"రాజేశం భాయ్ నహీఁ రహే."

వెంటనే అన్న నంబర్‌కే ఫోన్ చేశాను. ఎత్తింది లక్ష్మి వదిన.

"అవును తమ్మీ, పోయిండు."



కోవిడ్. హాస్పిటల్లో చేరి వారం కూడా కాలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. అన్నది సిరిసిల్ల వైపు. మగ్గాల పనికి సూరత్ వచ్చిన నాన్న వెంట చిన్నప్పుడే వచ్చాడు. పాండేసరలో ఫొటో స్టూడియో. పాస్‌పోర్ట్ ఫొటోలు, పెళ్లిళ్లు. ఆదివారం వస్తే మాత్రం మాతోపాటు పిట్టల వెంట.

నేను హజీరాలో ఉద్యోగానికి కాకినాడ నుంచి వచ్చినవాణ్ణి. ఈ ఊళ్లో నన్ను తెలుగులో తిట్టే చనువున్న మనిషి అన్న ఒక్కడే.

ఒక ఏడాది గాలిపటాల పండగ అయ్యాక క్లబ్‌లో స్లైడ్ షో పెట్టాం. అందరూ గిర్ సింహాలు, కచ్ ఫ్లెమింగోలు చూపించారు.

అన్న ఒకే ఒక్క ఫొటో పెట్టాడు. మిల్లు పక్కన కరెంటు తీగకు వేలాడుతున్న, పొడుగు వంకర ముక్కున్న నల్ల కంకణం పిట్ట. గాజుపొడి పూసిన మాంజా దారం రెక్కను కోసేసింది.

"మనం అందం చూడ్డానికి వస్తాం, ఇవన్నీ ఎందుకు?" అన్నారు క్లబ్ పెద్దాయన.

అన్న హిందీలో నెమ్మదిగానే చెప్పాడు. ఇది కూడా మన సూరత్ పక్షే సార్, బతికున్నప్పుడు మనమే ఎన్నోసార్లు ఫొటో తీశాం అని.

తిరిగి వస్తుంటే బండి మీద నన్ను అడిగాడు. "తప్పు జేసిన్నా తమ్మీ? అందరి మనసు ఖరాబ్ జేసినట్టున్న."

మరుసటి ఏడు పండగకి అన్న కెమెరా తేలేదు. నిచ్చెన తెచ్చాడు.

ఆ పెద్దాయన తన కారు తెచ్చారు. సాయంత్రానికి వెనక సీటు నిండా అట్టపెట్టెలు, వాటిల్లో దెబ్బ తిన్న పిట్టలు.

ఒక కంకణం పిట్టను దించుతుంటే మాంజా అన్న చేతిని కోసింది. పిట్టను డాక్టరుకు అప్పగించాకే తన చెయ్యి చూపించుకున్నాడు. కుట్లు పడ్డాయి.

కొన్ని వారాలకు ఆ పిట్టను గవియర్ చెరువు దగ్గర వదిలాం. అది లేచి, తడబడి, నీళ్ల మీదుగా వెళ్లిపోయింది.

"ఫొటో తీసిన్రా?" అన్నాడు.

ఎవరూ తీయలేదు. అందరం చూస్తూ ఉండిపోయాం.

"మంచిగైంది" అని నవ్వాడు.

తర్వాత లాక్‌డౌన్. పెళ్లిళ్లు ఆగిపోయాయి. క్లబ్ జూమ్‌లోకి మారింది.

ఈ సెకండ్ వేవ్‌లో అన్న దగ్గరికి కొత్త పని వచ్చింది. ఫోన్లో ఉన్న ఫొటో పట్టుకొచ్చి, దండ వేయడానికి పెద్దది చేసి ఇమ్మని జనం.

గ్రూప్ ఫొటోల్లోంచి ఒక్క మనిషిని వేరు చేసేవాడు. ఆ మనిషి భుజం మీద ఇంకెవరిదో చెయ్యి ఉంటే చెరిపేసేవాడు.

"కొన్నాళ్లు షాపు మూసెయ్ అన్నా" అని బతిమాలాను.

"ఎట్ల మూస్త తమ్మీ? మొకం గూడ సూపియ్యకుండ కాలవెట్టిండ్రట. ఇంట్ల ఫొటో అన్న ఉండాలె గద."

పోయిన నెల జూమ్‌లో అన్న వంతు వచ్చినప్పుడు, "ఈసారి నా దగ్గర చూపించేవి ఏం లేవు" అని మ్యూట్ చేసుకున్నాడు.

జబ్బు ఆ షాపులోనే అంటుకుందో, ఇంకెక్కడో, మాకు తెలియదు.

నిన్న సాయంత్రం క్లబ్ వాళ్లం అన్న ఇంటికి వెళ్లాం. వదినకూ పాజిటివ్. పైకి రావద్దంది. మాస్కులతో దూరదూరంగా రోడ్డు మీద నిలబడ్డాం.

వదిన బాల్కనీలోకి వచ్చింది. చాలాసేపు మమ్మల్నే చూసింది.

"ఆయనే ఉంటే మిమ్ముల గిట్ల రోడ్డు మీద నిలవెట్టకపోవు" అంది.

పెద్దాయన అక్కడే అరుగు మీద కూలబడి ఏడ్చారు. దగ్గరికెళ్లి భుజం పట్టుకునే వీలు కూడా మాకు లేదు.

ఉంటాను అన్నా. ఊపిరి కోసం చాలా కష్టపడ్డావట. ఆ కష్టం లేనిచోట నెమ్మదిగా, నిమ్మళంగా ఉండు.