పూతలపట్టు రోడ్డు మీద రెండు ఓడలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆవులు మూడు, అనుమానాలు మూడు వేలు. అనుమానాలన్నీ మా తాతయ్యవే. బయట వాన పడుతోందని ఎవరైనా చెబితే, ఆయన వెళ్లి నిలువునా తడిసి వస్తే గానీ నమ్మేవాడు కాదు. అలాంటి ఇంటికి నౌకాదళంలో పనిచేసే దూరపు బంధువొకడు మా మేనత్తను చేసుకుంటానని వచ్చాడు. అతను అత్తకు నచ్చాడని ఆ రోజు మూడుసార్లు మాడిన పప్పే చెప్పింది.

ఎనిమిదేళ్లుగా ఒకే ఓడలో ఉన్నానన్నాడతను. నడిసముద్రంలో, ఆగకుండా పోతూనే, పక్కన పోయే యుద్ధనౌకలకు నూనె, బియ్యం, ఫిరంగి గుండ్లు, ఇంటి ఉత్తరాలు అందించడమే దాని పనట. యుద్ధనౌకలు ఎంత దూరం పోతే అంత దూరం వాటి వెంటే వెళ్లిందట, తుపానొచ్చినప్పుడు తీరానికి బియ్యం మోసిందట. అది మాత్రం శత్రువు మీద ఒక్క గుండూ పేల్చలేదట.

"అంటే కిరసనాయిలు బండి! పరిగెత్తే ఓడకి పరిగెత్తే ఓడ నూనె పోస్తాదా? ఎవురికి చెప్తాండావప్పా?" అన్నాడు తాతయ్య. ఇతను మద్రాసు హోటల్లో పిండి రుబ్బుతున్నాడని ఆయన అనుమానం. చేసి చూపిస్తేనే పిల్లనిస్తానన్నాడు.

మాకు సముద్రమెక్కడిది? మర్నాడు పొద్దున పూతలపట్టు రోడ్డు మీద రెండు ఎడ్లబండ్లే ఓడలయ్యాయి. పక్కపక్కన, ఆగకుండా నడవాలి. ఒకదాంట్లో అతను, రెండోదాంట్లో తాతయ్యా నేనూ. చూడ్డానికి చిత్తూరు జిల్లా సగం వచ్చింది. మిగతా సగం మామిడిచెట్లెక్కింది.

అతను రాయి కట్టిన పురికొస విసిరాడు. లాగితే దాని వెనకే లావుపాటి మోకు వచ్చింది. అతని వైపు మోకుకు మజ్జిగ ముంత వేలాడుతోంది. మోకు తాతయ్య పట్టుకోవాలి, ముంత మా వైపు జారి వచ్చేలా దానికి కట్టిన దారం నేను లాగాలి.

"కట్టొద్దు మామా! చేత్తోనే పట్టుకో. దూరం జరిగితే వదులు, దగ్గరైతే లాక్కో!" అని అరిచాడతను.

రైతు చేతికి తాడు దొరికితే ముడి పడకుండా ఉంటుందా? పైగా, వద్దన్నాడంటే మోసం అందులోనే ఉందని తాతయ్య తేల్చుకున్నాడు. బండి గుంజకు ఏనుగును కట్టేంత ముడి వేశాడు. ముంత మా దాకా వచ్చేసరికి మా ఎద్దు గుంతను చూసి పక్కకు దూకింది. మోకు బిగిసింది, గుంజ పెళ్లున విరిగింది, నాలుగూళ్లకు సరిపడా మజ్జిగ తాతయ్య తలపాగా మీద పడింది.

జనం విరగబడి నవ్వారు. అతను నవ్వలేదు. "ఓడ మీదయితే మనిషే పోతాడు మామా. మావోడు ఒకడు అట్లే పోయినాడు," అన్నాడు మెల్లగా.

తాతయ్య బండి దిగి వెళ్లి అతని చేతులు పట్టుకుని చూశాడు. అరచేతుల నిండా తాడు కోసిన మచ్చలు. చెరిగిపోతాయేమోనని గోరుతో గీకి కూడా చూశాడు. చెరగలేదు.

రెండోసారి ఆయన ముడి వేయలేదు. ఎద్దులు ఎటు జరిగితే అటు వదులుతూ, లాక్కుంటూ కూర్చున్నాడు. ముంత నిండుగా వచ్చింది. గటగటా తాగి, "ఉప్పు తక్కువాయె," అన్నాడు. మా ఇంట్లో అది సమ్మతి తెలపడమే. అత్త పెళ్లి అయింది.

ఆ మూడు వేల అనుమానాలూ నాకే వారసత్వంగా వచ్చాయి. ఉద్యోగానికి ఊరు దాటిన కూతురు ఫోనెత్తకపోతే నా వేళ్లు ముడి కోసం తడుముకుంటాయి. అప్పుడు అరచేయి తెరిచి ఒకసారి చూసుకుంటాను. కాస్త వదులుతాను, విడిచిపెట్టను.