మా ఆయన వీపు

మా ఆయన మీద నాకున్న కోపం ఇవాళ్టిది కాదు. సినిమాల్లో ఉన్నానని చెప్పి నన్ను పెళ్లి చేసుకున్నాడు. అబద్ధమని అనలేను, నిజంగానే ఉన్నాడు. ఈ ఇరవై ఎనిమిదేళ్లలో రెండు వందల సినిమాల పైచిలుకే చేశాడు. అన్నిట్లోనూ కనిపించేది మాత్రం ఆయన వీపు.

పేరు ఏసురత్నం, ఊరు భీమిలి. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కదా, ఆ రోజుల్లో ఏడాదిలో సగం రోజులు ఎవరో ఒక సినిమావాళ్లు అక్కడే మకాం. బీచ్ రోడ్డు గెస్ట్ హౌసుల్లో హీరోలు దిగేవాళ్లు, ఊళ్లో లాడ్జీల్లో మిగతావాళ్లు. పాటలో హీరోయిన్ వెనక తిరగడానికి మనుషులు కావాలంటే ఊళ్లోవాళ్లనే పట్టుకునేవాళ్లు. అలా పంతొమ్మిదో ఏట ఈయన భుజాన వల వేసుకుని కెమెరా ముందు నడిచాడు. అంతే, ఇక ఏ పనీ ఒంటికి పట్టలేదు.

ఆ షూటింగుల్లో బుచ్చమ్మ అని చేపలమ్ముకునే ముసలావిడ ఉండేదట. ఏ కంపెనీ వచ్చినా, ఎవరికి పని దొరికినా దొరక్కపోయినా ఆవిడకి మాత్రం రోజూ దొరికేదట. కిటుకేమిటని ఈయన వెంటపడితే ఓ రోజు చెప్పింది.

“ముకం సూపించకు బాబూ. ముకం పడిందంటే రేపు నీకు పనుండదు.”

ఆవిడ చెప్పింది నిజమే. గుంపులో నిలబడేవాడి మొహం ఒకసారి కెమెరాకి దొరికిందంటే వాణ్ని ఆ సినిమాలో మళ్లీ వాడరు. నిన్న ఐస్‌క్రీం తిన్నవాడు ఇవాళ పోలీసు ఎలా అయ్యాడని చూసేవాళ్లు నవ్వుతారు. మొహం పడనివాడైతే చొక్కా మార్చి ఎన్ని రోజులైనా నిలబెట్టుకోవచ్చు. మా ఆయన ఒక్క సినిమాలోనే ఊరు చూడ్డానికొచ్చినవాడు, జాలరి, పోలీసు, ఆఖరికి శవాన్ని మోసేవాడు కూడా అయ్యాడు. చూడకుండానే కెమెరా ఎక్కడుందో చెప్పేవాడు. అది ఇటు తిరిగేలోపు ఈయన మెడ అటు తిరిగేది. ఆ విద్య పట్టుకునే హైదరాబాదు వచ్చి కృష్ణానగర్‌లో కాపురం పెట్టాడు.

ఒక్కసారి మాత్రం మొహం చూపించాడు. మా అమ్మాయి సెలీనాకి అప్పుడు మూడేళ్లు. నెల రోజుల షూటింగు, అప్పటికి నాలుగో రోజు. చావు సీనులో ఈయన నిజంగా ఏడుస్తుంటే చూసి కెమెరామన్ దగ్గరికొచ్చి మొహం మొత్తం తీశాడట. జిలేబీ పొట్లం పట్టుకుని ఇంటికొచ్చాడు. కళ్లు మెరిసిపోతున్నాయి. నాకేమో ఒళ్లు మండిపోయింది. పాపకి టైఫాయిడ్, అటు చూస్తే మిగతా ఇరవై ఆరు రోజుల పని ఊడింది. నోటికి ఎంత మాట వస్తే అంత మాట అనేశాను.

“ఏముందండీ ఆ మొహంలో, చూపించడానికి?”

ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. జిలేబీలు పక్కింటివాళ్లకి ఇచ్చి వచ్చాడు. ఆ సినిమా విడుదలే కాలేదు. ఆ తర్వాత ఎన్నడూ మొహం పడనివ్వలేదు.

కొన్నాళ్లకి నేను మాదాపూర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంటకి కుదిరి, మకాం కొత్తగూడకి మార్చాం. సెలీనా నర్సయింది. టీవీలో పాత సినిమా వస్తే చాలు, “నాన్నా, ఆ ఎడమ పక్క వీపు నీదేనా?” అని ఏడిపించేది. ఆయనా నవ్వేవాడు. నేనూ పైకి నవ్వేదాన్నే. లోపల మాత్రం ఆ పాత మాట గుచ్చుతూనే ఉండేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆయన మొహం తెర నిండా కనిపిస్తే ఆ మాట నేను వెనక్కి తీసుకున్నట్టే అనుకునేదాన్ని. ప్రతి ఆదివారం ప్రార్థనలో నేను ఇంకేమీ అడగలేదు.

ఆ హాస్టల్లోనే ఉండేది నీహారిక. భీమిలి పిల్లే. సినిమావాళ్లు దిగే లాడ్జి ఒకటి వాళ్ల నాన్నదేనట. నాలుగేళ్లు కంప్యూటర్ ఉద్యోగం చేసి, ఓ రోజు దానికి దణ్ణం పెట్టేసి సినిమా తీస్తానని బయల్దేరింది. నా చేపల పులుసు తిని, మా ఆయన యాస విని పెరిగిన ఊరు గుర్తొస్తోందనేది. పోయిన ఏడాది ఇంటికొచ్చి ఈయన ఎదురుగా కూర్చుంది. సినిమాలో భీమిలి నుంచి ఒక తండ్రి వస్తాడట, కొడుకు పని చేసే ఆఫీసుకి. కొడుకు ఉద్యోగం పోయి మూడు నెలలైందని ఆయనకి తెలియదు. రిసెప్షన్ దగ్గర నిలబడి, వాణ్ని పిలవమని అడుగుతాడు. అంతే సీను, ఒకటే మాట, కానీ అడిగినంతసేపూ తెర మీద ఆయన మొహమే ఉండాలి.

“మీరే చెయ్యాలి అంకుల్” అంది.

నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

పది రోజులు ఆయన చెప్పాల్సిన ఆ ఒక్క మాటే మా ఇంట్లో మోగుతూ ఉంది. స్నానం చేస్తూ అదే, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే జవాబు కూడా అదే. గుంపులో చేసేవాళ్లు బట్టలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి కదా, ఈ వేషానికీ ఆయన నీలం చొక్కానే చాలంది నీహారిక. ఇస్త్రీ చేస్తే తండ్రిలా ఉండడేమోనని భయపడి, ఉతికి ఊరికే మడత పెట్టాను.

ఆఫీసు ఖాళీగా ఉంటుందని ఆదివారం పెట్టుకున్నారు షూటింగు. చర్చి మానేసి నేనూ వెళ్లాను. మాదాపూర్‌లో అద్దాల మేడ, తొమ్మిదో అంతస్తు. కింద గేటు దగ్గర బయటివాళ్లకి ఫొటో తీసి పాస్ ఇస్తారు. ఈయన వంతు వచ్చింది. మూడుసార్లు తీసినా కుదరలేదు.

“ఏంది పెద్దాయనా, జర సీదా చూడు” అన్నాడు సెక్యూరిటీ అతను విసుక్కుంటూ.

ఆఖరికి అతనే విసిగి, వచ్చిందే అచ్చు వేసి ఇచ్చాడు. పాస్ మీద ఒక చెవి, సగం జుట్టు. నాకు నవ్వొచ్చింది. అప్పుడే అర్థం కావాల్సింది నాకు.

మొదట ఆయన తలుపు తోసుకుని రిసెప్షన్ దాకా నడిచే షాట్ తీశారు, వెనక నుంచి. ఒక్క దెబ్బకి అయిపోయింది. వీపులోనే భయమూ ఆశా రెండూ కనిపిస్తున్నాయని కెమెరామన్ మెచ్చుకున్నాడు. తర్వాత కెమెరా ముందుకి తెచ్చారు.

“మావోడు ఇక్కడే పన్జేత్తన్నాడమ్మా. ఓపాలి పిలవండి.”

మాట బ్రహ్మాండంగా వచ్చింది. మొహం మాత్రం ఎడమ భుజం మీదకి పోయింది. నీహారిక నవ్వి, ఇటు చూడండి అంకుల్ అంది. మళ్లీ తీశారు, మళ్లీ పోయింది. చూపు నిలవడానికి కెమెరా పక్కన అద్దం గోడ మీద ఎర్ర టేపు ముక్క అంటించారు. నోరు విప్పేదాకా దాన్నే చూశాడు, నోరు విప్పగానే మెడ తిరిగింది. గుంపులో చేసే ఇంకో పెద్దాయన వచ్చి, భయపడకు రత్నం, ఇవాళ మొహం పడితేనే కూలి అని చెవిలో చెప్పాడు. అయినా అంతే. తొమ్మిది సార్లయింది. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది.

అప్పుడు నీహారిక నన్ను కెమెరా పక్కన నిలబెట్టింది. ఆంటీని చూసి చెప్పండి అంకుల్, ఇంకెవరూ లేరనుకోండి అంది. ఆయన నన్ను చూశాడు. ఆ చూపు నేను పెళ్లినాడు కూడా చూడలేదు. చూడండి, ఇటే చూడండి అని లోపల్లోపల బతిమాలుకుంటూ నిలబడ్డాను. మాట మొదలుపెట్టాడు. నా కళ్లలో కళ్లు పెట్టి చూస్తూనే, నెమ్మదిగా, అచ్చం ఆ జిలేబీల రోజున తిప్పుకున్నట్టే మొహం తిప్పేసుకున్నాడు.

మధ్యాహ్నం దాటింది. సాయంత్రానికి ఆఫీసు ఖాళీ చెయ్యాలి. మేనేజరు వేషానికి వచ్చిన పార్థసారథి అని నాటకాల మనిషి అక్కడే ఉన్నాడు, ఈయన వయసే. నీహారిక కళ్లనిండా నీళ్లతో ఈయన దగ్గరికొచ్చింది. ఈయనే ముందు అర్థం చేసుకున్నాడు. గుండీలు విప్పి, చొక్కా తీసి పార్థసారథికి ఇచ్చేశాడు. వీపు ఈ చొక్కాలో తీశారు కదా, మొహమూ ఈ చొక్కాలోనే ఉండాలని తనే చెప్పాడు. అంతమంది మధ్య బనీనుతో నిలబడ్డాడు.

మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చుండిపోయాం, ఆయన ఒంటి మీద ఎవరిదో టీషర్టు.

“నేను తిప్పట్లేదు విమలా” అన్నాడు. “అదే తిరిగిపోతంది.”

“ఆ రోజు నేనన్న మాట...” అన్నాను.

“ఏ రోజు?” అన్నాడు.

మర్చిపోయినట్టు నటించాడు. అంత బాగా ఏ సినిమాలోనూ నటించలేదు.

చొక్కా వారానికి తిరిగొచ్చింది. కాలరుకి పార్థసారథి గారి మొహం రంగు అంటుకుని ఉంది. నాలుగు ఉతుకులకీ పోలేదు.

సినిమా ఈ వేసవిలో వచ్చింది. నీహారిక టిక్కెట్లు పంపింది. నేను రానన్నాను, ఆయనే లాక్కుపోయాడు. కొత్తగూడ మాల్‌లో ఉదయం ఆట. ఆ సీను వచ్చింది. తలుపు తోసుకుని నీలం చొక్కా లోపలికి నడిచింది. నాకు తెలిసిన మెడ, నాకు తెలిసిన భుజాలు. రిసెప్షన్ దగ్గర ఆగాయి. తెర మీద బొమ్మ మారింది, అదే చొక్కాలో ఇంకెవరిదో మొహం. అతను మావాడు ఇక్కడే పని చేస్తున్నాడని అడుగుతుంటే హాల్లో ఆడవాళ్లు ముక్కులు చీదుతున్నారు. అందరికీ అది ఒకే మనిషి. నా ఒక్కదానికే అక్కడ సగం మనిషి.

“బాగా చేశాడు” అన్నాడు మా ఆయన మెల్లగా.

ఆ గొంతు విని ఉండబట్టలేకపోయాను. తెర మీద రిసెప్షన్ అద్దాల్లోంచి తెల్లటి ఎండ వెలుగు హాలంతా పడింది. ఆ వెలుగులో నేనైనా ఆయన మొహం నిండుగా ఒకసారి చూద్దామని పక్కకి తిరిగాను. ఆయన అప్పటికే అటు తిప్పేసుకున్నాడు.