కీబోర్డు మీద లేని అక్షరాలు

నేను ఫ్రాన్స్ చూడలేదు. కొత్తపేట నుంచి చార్మినార్ వెళ్లాలన్నా రెండుసార్లు ఆలోచించే మనిషిని. అయినా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఇంటర్ కాలేజీలో ఫ్రెంచ్ చెప్పేదాన్ని. తెలుగు తీసుకుంటే మార్కులు రాలవని, ఫ్రెంచ్ అయితే దంచి పోస్తారని పిల్లలు ఎగబడేవాళ్లు. బయట మా భాష, మా యాస అంటూ ఊరేగింపులు సాగుతున్న రోజులవి. లోపల నా క్లాసు మాత్రం కిటకిటలాడేది.

చిక్కల్లా ప్రశ్నపత్రంతోనే. ఫ్రెంచ్ అక్షరాల నెత్తిన గీతలుంటాయి, కొన్నింటికి కింద తోకలుంటాయి. మన కీబోర్డు మీద అవేవీ లేవు. రైతు బజారు వెనక సందులో జాబ్ టైపింగ్ చేసే ఆవిడ బోడిగా కొట్టి ఇస్తే, నేను నల్ల పెన్ను పట్టుకుని నువ్వులు చల్లినట్టు గీతలు పెట్టుకునేదాన్ని. తర్వాత జిరాక్స్.

ఒకరోజు ప్రిన్సిపాల్ పిలిచాడు. "పెన్నుతో దిద్దిన పేపర్ చూస్తే తల్లిదండ్రులు ఏమనుకుంటారు మేడం? అర్ధసంవత్సర పరీక్ష పేపర్ కూడా ఇలాగే వస్తే, వచ్చే ఏడు ఫ్రెంచ్ తీసేసి అందర్నీ సంస్కృతంలో వేసేద్దాం" అన్నాడు. ఫ్రెంచ్ పోతే నా ఉద్యోగమూ పోయినట్టే. ఇంకో సబ్జెక్టు రాదు, ఇంకో పని చేతకాదు.

టైపింగ్ ఆవిడది నల్గొండ దగ్గర పల్లె. నా ఈడుదే, నోరు పదును. సంగతి చెప్పగానే విరుచుకుపడింది. "నేను కొట్టిన కాయితం మీద మీరు పెన్ను పెట్టినప్పుడల్ల నాకెట్లుంటదో తెలుసా? ఇన్నొద్దులు ఊకున్న. గా గీతలు కంప్యూటర్ల ఎట్లొస్తయో కనుక్కొని రాండ్రి, నేను కొడ్త."

ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని కనుక్కున్నాను. ఆల్ట్ కీ నొక్కిపట్టి, కుడివైపు అంకెల్లో 0233 కొడితే ఒక గీత, 0232 కొడితే అటు తిరిగిన గీత, 0231 కొడితే తోక. నేను చీటీ రాసుకున్నా తప్పులే కొట్టాను. ఆవిడ చీటీ ఒకసారి చదివి పక్కన పడేసింది. బస్సు నంబర్లు గుర్తుపెట్టుకోమా, ఇవీ అంతే అంది.

సోమవారం పేపర్ ఇవ్వాలి. శనివారం బంద్ పిలుపు. కంగారుగా ఫోన్ చేశాను.

"షట్టర్ దించే ఉంటది, ఎనక తలుపు నుంచి రాండ్రి. పదకొండింటికి ఎల్బీనగర్ చౌరస్తాల ధర్నాకు పోవాలె నేను, జర జల్ది" అంది.

"దారిలో ఎవరైనా ఆపితే?"

"నోరు ఇప్పకుండ్రి మేడం. 'ఏవండీ' అన్నరంటే దొరికిపోతరు" అని పకపకా నవ్వింది. మాది కృష్ణా జిల్లా అని ఆవిడకు తెలుసు. ఒళ్లు మండింది గానీ, ఖాళీ రోడ్డు మీద నడుస్తుంటే నాకూ నవ్వొచ్చింది.

ఒక్క ముక్క అర్థం కాని భాషను ఆవిడ కొడుతుంటే చూడాలి. ఎడమ చెయ్యి ఆల్ట్ మీద, కుడి చెయ్యి అంకెల మీద. తొమ్మిదిన్నరకల్లా నాలుగు పేజీలు ముగిశాయి. ఎక్కడా పెన్ను అవసరం రాలేదు. చివరి పేజీలో చదివి జవాబులు రాయాల్సిన పది లైన్ల కథ ఉంది. దాని మీద వేలు పెట్టి అడిగింది: "ఇంతసేపు కొట్టిన గదా, ఇందుల ఏముంది?"

చెప్పాను. ఒక ముసలమ్మ మేకను అమ్మడానికి సంతకు తోలుకుపోతుంది. అమ్మబుద్ధి కాక ఎవరూ కొనలేని ధర చెబుతుంది. సాయంత్రం మేకతోనే ఇంటిదారి పడుతుంది.

"మా నాయినమ్మ బర్రెను గిట్లనే తోలుకొచ్చింది!" అని నవ్వి, కుర్చీ నా వైపు తిప్పింది. "ఇంటికొచ్చినంక ఇంట్లోళ్లు ఏమన్నరు?"

నాకు తెలియదు. అయిదు ప్రశ్నలకు పది లైన్లు చాలు కాబట్టి, పాత పుస్తకంలోంచి అంతే ఎత్తి రాసేదాన్ని. ఆరేళ్లలో మూడుసార్లు ఇచ్చాను ఆ కథ. మిగతాది ఎప్పుడూ చదవలేదు. అదే చెప్పాను, తలెత్తకుండా.

"మరి పోరగాండ్లు అడగలేదా?"

"ఎన్ని మార్కులని అడిగారు."

ఆవిడ కంప్యూటర్ కట్టేసింది. చెప్పులేసుకుని ధర్నాకు వెళ్లిపోయింది.

సోమవారం ప్రిన్సిపాల్ పేపర్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. పెన్ను గీత ఎక్కడా దొరకలేదు. ఫ్రెంచ్ ఉంటుందిలెండి అన్నాడు. సంతోషమే, కాదనను. ఆ సాయంత్రం ఇంటికెళ్లి పుస్తకం దుమ్ము దులిపాను. మిగతా కథ ఎనిమిది పేజీలు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదువుతుంటే అన్నం చల్లారిపోయింది, అయినా లేవబుద్ధి కాలేదు.

మళ్లీ బంద్ వచ్చింది. టైపు చేయించాల్సిందేమీ లేకపోయినా వెనక తలుపు తట్టాను. ధర్నాకు ఇంకా అరగంట టైముందని ఆవిడ స్టూలు జరిపింది. పుస్తకం తెరిచి, పేపర్లో కథ ఆగిన చోటు నుంచి, మూడో పేరా మధ్యలోంచి, తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. నిజానికి నేను పాఠం చెప్పడం అదే మొదటిసారి.