పసుపునీళ్ళు పడ్డ ఫొటో

మొన్న మా అమ్మాయి విరిగిన మగ్గునీ, తెగిన చార్జరు వైరునీ, మూత లేని పెన్నునీ పెరటి అరుగు మీద పేర్చి, పెళ్ళికొడుక్కి కూడా తియ్యనన్ని ఫొటోలు ఫోనులో తీసింది. పక్కింటి పిల్లి వాటివైపు చూడనైనా చూడకుండా వెళ్ళిపోయింది. ఇదే పని చేసి నేనొకప్పుడు మండపేట రోడ్డు ఆపేసినవాణ్ణని ఆ పిల్లికేం తెలుసు!

ఆ రోజుల్లో కెమెరాలో వేసే రీలంటే బంగారమని మన ఈడువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మండపేటలో మా బాబాయికి ఫొటో స్టూడియో ఉండేది, అందులో నేను లైటు పట్టుకునే మహా కళాకారుణ్ణి. ఓసారి పెళ్ళి రీలు చివర ఒక్క ఫొటో మిగిలితే, రీలు కడిగించడానికి పొద్దున్నే రాజమండ్రి బస్సెక్కేలోగా దాన్ని నన్ను తీసుకోమన్నాడు బాబాయి, ఆస్తంతా రాసిచ్చేసినంత దర్జాగా. ఇంక నాకు నిద్రేది? తెల్లారకుండానే ఊళ్ళో పారేసినవన్నీ, పగిలిన కుండ, అరిగిన చీపురు, ఒంటి చెప్పు, ఎండిన నిమ్మకాయ ఏరుకొచ్చి, తొలిఎండ సరిగ్గా అక్కడే పడుతుందని కాలవగట్టు రోడ్డు నడిమధ్య పేర్చి, కెమెరా కోసం పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి ధాన్యం లారీలూ ట్రాక్టర్లూ ధవళేశ్వరం దాకా ఆగిపోయి ఉన్నాయి. ఎవరో చేతబడి చేశారట! దాన్ని దాటే మగాడు ఒక్కడూ లేడు. మా బాబాయి ఎక్కాల్సిన బస్సు కూడా ఆ వరసలోనే ఉంది. దారి తెరుచుకుందంటే రీలు బస్సెక్కాల్సిందే, నా ఫొటో పోయినట్టే. ఎండేమో ఇంకా కొబ్బరిచెట్ల వెనకాలే ఉంది.

“అది నాదండీ, కళండీ!” అని మొత్తుకున్నాను.

“కళో గిళో, మా లారీ మీద మాత్రం చెయ్యకు బాబూ,” అని ఓ డ్రైవరు దణ్ణం పెట్టేశాడు.

ఇంతలో విరుగుడుకని బిందెడు పసుపునీళ్ళతో మా పెద్దమ్మ దిగింది. “ముందు దీని పని చూసి, తరవాత నీ పని చెబుతానురా వెధవా!” అంటూ గుమ్మరించేసింది. అయిపోయిందనుకున్న ఆ క్షణానే ఎండ పొడుచుకొచ్చి, చెప్పూ చీపురూ కుండా సమస్తం బంగారమైపోయింది. నొక్కేశాను. రీలు బస్సెక్కింది.

ఆ ఫొటో తీసింది తనేనని పెద్దమ్మ పోయేదాకా చెప్పుకుంది. నేనూ కాదనలేదు.

ఇప్పుడు ఎన్ని ఫొటోలు తీసినా రీలు అయిపోదు, చెత్తని చూసి భయపడే తీరికా ఎవరికీ లేదు. నేను వంటింట్లోకెళ్ళి చెంబుడు పసుపునీళ్ళు కలిపి తెచ్చి ఆ మగ్గు మీద గుమ్మరించాను. “ఏంటి నాన్నా ఇది!” అంది మా అమ్మాయి. వెధవా అనడానికి పెద్దమ్మ లేదు గాని, మగ్గు మాత్రం భలే మెరిసింది.