మజ్లిస్‌లో వేటకుక్కలు

ఈ రోజు అల్ రయ్యాన్‌లో ఒక అరబ్బు విల్లాలో పెద్ద పెయింటింగ్ బిగించడానికి వెళ్ళాం. మా కంపెనీలో కొలతలు చూసేది నేను, గోడకు బిగించేది జగిత్యాల రాజన్న. అది పాతకాలపు ఇంగ్లండ్ బొమ్మ. ఎర్రకోట్ల దొరలు గుర్రాల మీద కంచె దూకుతున్నారు. వాళ్ళ ముందు వేటకుక్కల మంద, దూరంగా పొదల దగ్గర పరిగెడుతున్న నక్క. ఆ ఇంటాయనకు గుర్రాలంటే ప్రాణమట. అతిథులు కూర్చునే మజ్లిస్‌లో పెట్టమన్నాడు. ఇంకాస్త పైకి, ఇంకాస్త ఎడమకి అంటూ పొద్దున్నంతా నిలబెట్టాడు. మా భుజాలు పడిపోయాయి.

అంతలో వాళ్ళమ్మగారు వచ్చి, బొమ్మ చూసి అరబీలో గట్టిగా ఏదో అన్నారు. కొడుకు మావైపు తిరిగాడు.

"గుర్రాలు పర్వాలేదట. నమాజు చేసుకునే చోట ఇన్ని కుక్కలేమిటంటోంది. యల్లా, త్వరగా దించేయండి" అన్నాడు.

దించాం. ఎండలో మోసుకెళ్ళి ఇంటి వెనక గుర్రాల శాలలో మళ్ళీ బిగించాం. పని అయ్యాక రాజన్న చెమట తుడుచుకుంటూ బొమ్మ ముందు నిలబడ్డాడు.

"అక్కా, గింతమంది ఎంటబడ్డరు. పాపం, గా నక్క దొరికిందంటవా?"

"బొమ్మలో ఇంకా దొరకలేదు కదా రాజన్నా" అన్నాను.

"మరి గా నక్క ఆగేదెప్పుడు?" అంటూ నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. మెసైమీర్‌లో ఇంకో సైటు మిగిలే ఉంది.

ఇప్పుడే ఇంటికొచ్చి కాళ్ళు బారజాపుకున్నాను. రాజన్న అడిగిందే మీకూ రాస్తున్నాను. మీకేమైనా తోస్తే చెప్పండి.